మా తమ్ముణ్ని తెలుగులో అడగండి: ఒడిశా సరిహద్దు జిల్లాల అధికారులకు ఒక అక్క బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్లకు, సామాజిక భద్రతా అధికారులకు, మెడికల్ బోర్డు డాక్టర్లకు, విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ఒక అక్కని. మా తమ్ముడికి 24 ఏళ్లు. పుట్టగానే ఏడవలేదు. మూడో ఏట నడిచాడు, ఐదో ఏట మాటలు వచ్చాయి. మేధో వైకల్యం ఉంది, దానితోపాటు ఫిట్స్ ఉన్నాయి. అమ్మా తమ్ముడూ ఒడిశాలో, నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే రైలు లైను మీద ఒక ఊళ్లో ఉంటారు. నన్ను టెక్కలి వైపు ఇచ్చారు. నాన్న పోయి ఆరేళ్లయింది. అమ్మ అడ్డాకు విస్తర్లు కుట్టి ఇల్లు నడుపుతోంది.

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఇలాంటి పిల్లలూ పెద్దలూ ఉన్న తెలుగు కుటుంబాలం ముప్పై పైచిలుకు ఒక వాట్సాప్ గ్రూపులో కలిశాం. ఎక్కువమంది తల్లులు. నాలాంటి అక్కలూ అన్నలూ కొందరు. రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిది తెలుగులో రాస్తే ఒడియాలో రాయించుకు రమ్మన్నారు. ఆఫీసు బయట కూర్చుని అర్జీలు రాసే ఆయనకు 200 రూపాయలిచ్చి రాయించి ఇచ్చాం. కొన్నాళ్లకు వెళ్లి అడిగితే ఫైలు వేరే సెక్షన్‌కి వెళ్లిందన్నారు. మూడోసారి సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా చేతికిచ్చాం. తీసుకున్నవారు మర్యాదగానే మాట్లాడారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

తెలుగులోనే రాస్తున్నాను. తన బాధ చెప్పుకోవడానికి ఎవరైనా ఆ రాష్ట్రంలో గానీ దేశంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. పంతం కోసం ఈ మాట ఎత్తడం లేదు. మా అమ్మకు ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తన కొడుకు గురించి అక్క ఏం రాసిందో ఆమె చదువుకోవాలి కదా.

ఈ లేఖ ఏ ఒక్క ఆఫీసు మీదో, ఏ ఒక్క డాక్టరు మీదో ఫిర్యాదు కాదు. మా గ్రూపులో నాలుగు జిల్లాలవాళ్లం ఉన్నాం, నలుగురిదీ ఒకే కథ. అసలు విషయానికి వస్తాను.

పోయిన కార్తీకంలో అమ్మకి పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేశారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నా చిన్నదానికి అప్పుడే జ్వరం, నేను వెంటనే వెళ్లలేకపోయాను. మొదటి నాలుగు రోజులు పక్కింటి పిన్ని తమ్ముణ్ని తన ఇంట్లో పెట్టుకుంది. చాలా మంచి మనిషి, వేళకు అన్నం పెట్టింది. కానీ తమ్ముడు చెయ్యి కొరుక్కుంటున్నాడంటే బాత్రూంకి వెళ్లాలని అర్థం. అది ఆమెకు తెలియదు. కోపం వచ్చిందనుకుని గదిలో కూర్చోబెట్టింది. బట్టలు పాడయ్యాయి. వాడు సిగ్గుపడి ఏడ్చాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఫిట్స్ మాత్ర రాత్రి తొమ్మిదికి అన్నం తర్వాత వేయాలి. రెండు పూటలు తప్పిపోయింది. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చింది. నేను వెళ్లేసరికి వాడి నుదుటి మీద కుట్లు ఉన్నాయి.

పిన్నిది తప్పు కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి అమ్మ మత్తులో ఉంది. వాడి గురించి తెలిసినదంతా అమ్మ తలలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని నాకు ఒకటే భయం పట్టుకుంది: అమ్మ లేని రోజున వీడి గురించి ఎవరికి ఏం తెలుస్తుంది? మా గ్రూపులో ప్రతి తల్లీ ఏదో ఒక రాత్రి ఈ మాటే రాస్తుంది.

మేం అడిగేవి వరసగా రాస్తున్నాను.

1. పరీక్ష వాడికి తెలిసిన భాషలో జరగాలి.

మేధో వైకల్యం సర్టిఫికెట్‌ను ఐదో ఏట, పదో ఏట, పద్దెనిమిదో ఏట తిరిగి తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. అంటే ఆ రోజు ఆ గదిలో ఆ అరగంటలో ఏం రాస్తారో అదే వాడి బతుకంతా వాడి మీద ఉండిపోతుంది. తమ్ముణ్ని ఆ వయసులో తీసుకెళ్లినప్పుడు పరీక్ష చేసినాయన ఒడియాలో "తుమొ నా కొణొ?" అని పేరడిగారు. వాడు గోడకేసి చూశాడు. రంగుల ముక్కలు ముందుపెట్టి "నాలి" ఏదని అడిగారు. ఒడియాలో నాలి అంటే ఎరుపు. వాడు నాలిక బయటపెట్టి చూపించాడు. విన్న మాటకు వాడికి తెలిసిన అర్థం అదే, వాడు సరిగ్గానే జవాబిచ్చాడు. అది తప్పు కింద పడింది. నేను కల్పించుకుని "ఎర్రది అనండి సార్, చూపిస్తాడు" అన్నాను. మధ్యలో మాట్లాడొద్దన్నారు.

అదే తమ్ముడు నౌపడ, టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ అని స్టేషన్ల పేర్లు వరసలో చెబుతాడు, వెనక నుంచి ముందుకీ చెబుతాడు. అడ్డాకుల్ని పెద్దవి, మధ్యవి, చిన్నవి అని వేరుచేసి అమ్మకు అందిస్తాడు. చిరిగిన ఆకు ఒక్కటి కూడా పెద్దవాటిలో కలవనివ్వడు. సర్టిఫికెట్‌లో 90 శాతం అని, తీవ్ర వైకల్యం అని రాశారు. ఆ 90 అంకె చూసి పని నేర్పే కేంద్రంలో చేర్చుకోలేదు. "ఇంత పర్సెంటేజీ ఉంటే ఏం నేర్చుకుంటాడమ్మా" అన్నారు. అప్పటికి వాడు ఆకులు వేరుచేయడం మొదలుపెట్టి ఐదేళ్లయింది.

సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని అంచనా వేయడానికి దేశమంతా వాడే 40 అంశాల కొలమానం అక్కడ తయారైనదే. తెలుగులో పరీక్ష చేయగల సైకాలజిస్టులు కావాలంటే మన సరిహద్దుకు ఎంతో దూరంలో లేరు. మెడికల్ బోర్డు రోజుల్లో నెలకొకసారైనా తెలుగు తెలిసిన పరీక్షకుణ్ని పిలిపించండి. అది కుదరనప్పుడు ఇంటివారిలో ఒకరు ప్రశ్నను ఇంటి భాషలో చెప్పడానికి ఒప్పుకోండి, ఏ భాషలో పరీక్ష చేశారో సర్టిఫికెట్ మీద రాయండి. ఇప్పటికే ఒడియాలో పరీక్ష జరిగిపోయిన తెలుగువాళ్లకు కోరితే మళ్లీ పరీక్ష చేయండి. ఇది మా ఒక్కరి బాధే కాదు. ఇదే వరండాలో సవర, కుయి భాషలు మాట్లాడే గిరిజన తల్లుల్నీ చూశాను. వాళ్ల పిల్లలకు ఒడియా మా పిల్లలకు వచ్చినంత కూడా రాదు. వాళ్ల తరఫున రాసేవాళ్లు లేరు కాబట్టి వాళ్ల మాటా ఇక్కడే చెబుతున్నాను.

2. 75కీ 80కీ మధ్య పడిపోతున్నవాళ్లని చూడండి.

జాతీయ మార్గదర్శకాల్లో మేధో వైకల్యానికి శాతాలు మెట్లుగా ఉన్నాయి. స్వల్పమైతే 50, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను కింద నెలకు 3,500 రూపాయలు 80 శాతం, ఆపైన ఉన్నవారికే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యస్థం అని రాసిన ఏ మనిషికీ ఎన్నటికీ 80 రాదు, ఆ మెట్టే లేదు. కానీ మధ్యస్థ వైకల్యం ఉన్న మనిషిని ఇంట్లో ఒంటరిగా వదలలేం. పొయ్యి దగ్గర వదలలేం, రోడ్డు దాటించకుండా ఉండలేం. వాళ్ల తల్లి కూలికి వెళ్లలేదు. చేతికి దెబ్బ తగిలిన మనిషినీ, రోజంతా తోడు కావలసిన మనిషినీ ఒకే గీత మీద కొలిస్తే రెండోవారికి అన్యాయం జరుగుతుంది.

ఇందులో నా ఇంటి సంగతి దాచను. తమ్ముడికి 90 అని రాయడం వల్ల ఆ 3,500 మాకు వస్తోంది. తెలుగులో మళ్లీ పరీక్ష చేస్తే 75 రావచ్చు, ఆ డబ్బు పోవచ్చు. అమ్మ ఈ మాట రాయొద్దంది. మా ఇంట్లో దీని మీద రెండు రోజులు మాటల్లేవు. ఆ డబ్బుతోనే ఫిట్స్ మందులు వస్తున్నాయి, అమ్మ భయంలో న్యాయం ఉంది. అయినా, ఒక మనిషికి ఏమీ రాదని అబద్ధం రాయించుకుంటే తప్ప వాడికి మందులు దొరకని పరిస్థితి ఉండకూడదని రాస్తున్నాను. సరైన పరీక్షా కావాలి, రోజుకు ఎన్ని గంటల తోడు కావాలో చూసి ఇచ్చే పింఛనూ కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైనవారు దరఖాస్తు పెట్టుకుంటే బోర్డు వారి అవసరాన్ని అంచనా వేయాలని ఉంది. ఆ దరఖాస్తు ఫారం మా గ్రూపులో ఇంతవరకూ ఎవరూ కళ్లతో చూడలేదు. జిల్లా ఆఫీసులో, బ్లాక్ ఆఫీసుల్లో దాన్ని అందుబాటులో పెట్టండి. 80 శాతం నియమం మార్చడం మీ చేతుల్లో లేదని తెలుసు. మార్చాలని భువనేశ్వర్‌కు రాయడం మీ చేతుల్లో ఉంది.

3. బడి.

ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువు వీళ్ల హక్కు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. మా వైపు జరిగేది ఏమిటంటే, పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, పిల్లాడు ఇంట్లో ఉంటాడు. "మధ్యాహ్న భోజనానికి తీసుకురండి చాలు" అని ఒక తల్లితో అన్నారు. బ్లాక్ అంతా తిరిగే రిసోర్స్ టీచరమ్మ నెలకు ఒకసారి వచ్చినా మాకు పండగే, ఆమె మీద మాకు ఏ కోపమూ లేదు. బస్సులు లేని పల్లెలకు ఆమె ఎలా తిరుగుతుందో మాకు తెలుసు. ఖాళీ పోస్టులు నింపండి. తెలుగు ఇళ్లున్న బ్లాకులకు తెలుగు వచ్చినవారిని వేయండి.

చిన్నపిల్లల తల్లులు ఇంకొక మాట చెప్పమన్నారు. 2013లో మొదలైన బాల ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు వచ్చి ఎదుగుదలలో ఆలస్యాన్ని గుర్తించాలి. గుర్తించిన తర్వాత ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని నెలలు వెళ్లాలో, దారి ఖర్చు ఎవరిస్తారో చెప్పేవారు లేరు. "మూడేళ్లొచ్చినా మాట రాలేదు, పెద్దాసుపత్రికి వెళ్లండి" అనే చీటీ చేతిలో పెడుతున్నారు. చీటీ పట్టుకుని బరంపురం వెళ్లడమంటే కూలివాళ్లకు రెండు రోజుల పని పోతుంది. స్పీచ్ థెరపీ వారానికి ఒకటి రెండుసార్లయినా ఉంటేనే ఫలితం. ఎవరు వెళ్తారు చెప్పండి? ఇంతలో ఊళ్లోవాళ్లు మేనరికం చేసుకున్నారు కాబట్టే ఇలా అయిందని తల్లిని మాటలంటారు. మా అమ్మానాన్నలది మేనరికం కాదు. మా అమ్మనీ అన్నారు.

4. పద్దెనిమిది దాటాక ఏమవుతుందో ముందే చెప్పండి.

కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో తను సంరక్షకురాలు కాదని మా అమ్మకు బ్యాంకులో తెలిసింది. వాడి ఖాతాలో డబ్బు తీయడానికి సంతకం కావాలన్నారు, వాడు సంతకం పెట్టలేడు. ఐదు నెలలు మందులకు అప్పు చేసింది. దీనికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దారి ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి సంరక్షకుల్ని నియమించే స్థానిక కమిటీ జిల్లా స్థాయిలో ఉండాలి. కలెక్టర్ స్థాయి అధికారి, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు అందులో ఉండాలి. మూడు నెలలకోసారైనా కూర్చోవాలి.

ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తేదీలు ముందే ప్రకటించండి. పద్దెనిమిదేళ్లు నిండబోయే పిల్లల ఇళ్లకు ఆరు నెలల ముందే కబురు చేయండి, దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుల లెక్కలో వాళ్ల పుట్టిన తేదీలు మీ దగ్గర ఉన్నాయి. నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుందని, థెరపీకి కూడా వర్తిస్తుందని మాలో చాలామందికి ఈ గ్రూపులోనే మొదటిసారి తెలిసింది. తెలియకపోవడం వల్ల పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రావు.

5. సరిహద్దు.

మా వైపు పెళ్లిళ్లకు సరిహద్దు లేదు. పర్లాకిమిడి అమ్మాయి పాతపట్నం కోడలు, పార్వతీపురం అమ్మాయి రాయగడ కోడలు. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం విడిపోయిన తర్వాత కూడా ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. అమ్మ తర్వాత తమ్ముణ్ని చూసుకోవలసింది నేను, నా ఇల్లు ఆంధ్రాలో ఉంది. వాడు నా దగ్గరికి వచ్చేస్తే ఒడిశా పింఛను ఆగుతుంది. ఆంధ్రాలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు ఇస్తున్నారు. కానీ అక్కడి రేషన్ కార్డులో పేరెక్కాలి, చిరునామా మారాలి, పింఛనుకు కొత్తగా దరఖాస్తు పెట్టాలి. వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని 2016 చట్టం 58వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా, కౌంటర్ దగ్గర మళ్లీ సదరం క్యాంపుకు, అంటే ఆంధ్రాలో వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరానికి, వెళ్లమంటున్నారు. ఒడిశాలో పింఛను ఆగి ఆంధ్రాలో మొదలయ్యేదాకా ఎన్ని నెలలు గడుస్తాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

మా అత్తగారు తమ్ముణ్ని తెచ్చుకోమనే అంటారు. మా ఆయన కూడా అదే మాట. ఆ మధ్య నెలల్లో మందులు ఎలా కొంటామన్నదే మా ముగ్గురి టెన్షన్. కొందరు "రెండు వైపులా ఆధార్ చిరునామా చూపించేయండి, ఎవరు పట్టించుకుంటారు" అని సలహా ఇస్తున్నారు. మాకు దొంగతనంగా ఏదీ వద్దు. గజపతి, రాయగడ కలెక్టర్లు, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కలెక్టర్లు ఒక్కసారి కూర్చోండి. కుటుంబ అవసరం కోసం దివ్యాంగుడు ఇటు నుంచి అటు మారినా, అటు నుంచి ఇటు మారినా, కొత్తచోట పింఛను మొదలయ్యేదాకా పాతచోట ఆపకుండా ఏర్పాటు చేయండి. ఒక రాష్ట్రంలో నియమించిన సంరక్షకుల కాగితం రెండో రాష్ట్రంలో బ్యాంకు ఒప్పుకునేలా రెండు వైపుల లీడ్ బ్యాంకు మేనేజర్లకూ చెప్పండి. ఏనుగులు సరిహద్దు దాటితే రెండు రాష్ట్రాల అటవీ సిబ్బంది మాట్లాడుకుంటున్నారు. మనుషుల కోసం కూడా మాట్లాడుకోమని వేడుకుంటున్నాను.

6. ప్రతి మనిషికీ ఒక పుస్తకం రాయించండి.

మా డిమాండ్లలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఖర్చు కూడా దీనికే తక్కువ.

అమ్మ ఆపరేషన్ తర్వాత నేను 200 పేజీల నోటు పుస్తకం ఒకటి కొని తమ్ముడి గురించి రాయడం మొదలుపెట్టాను. అమ్మ చెబుతుంటే రాశాను. చెయ్యి కొరికితే బాత్రూం. కుడిచెవి లాక్కుంటే తలనొప్పి, ఆ రోజు ఫిట్స్ రావచ్చు, కనిపెట్టి ఉండాలి. మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. పెరుగన్నం వేడిగా కలిపితే తినడు. తలకు స్నానం శనివారమే. కొత్తవాళ్లు భుజం మీద చెయ్యి వేయకూడదు, ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలవాలి. బెంగ పెట్టుకుంటే రైలు దగ్గరికి తీసుకెళ్లాలి. కిరాణా కొట్టు తాత మాట వింటాడు. ఊళ్లో ఎవరెవరు వాణ్ని ఏడిపిస్తారో కూడా రాశాను.

తర్వాత వాణ్నే అడిగాను. నీకేం కావాలి అంటే జవాబు చెప్పలేడు. ఫోటోలు ముందు పెట్టాను. అమ్మ ఇల్లు, నా ఇల్లు, విస్తర్ల కుప్ప, బడి, రైలు స్టేషన్, టీ కొట్టు. విస్తర్లూ స్టేషనూ తీసి ఒకచోట పెట్టాడు, నా ఇంటి ఫోటో తిరగేసి పెట్టాడు. నాకు చాలా బాధేసింది. మూడు రోజుల తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ అలాగే తిరగేశాడు. మా ఇంటి పక్కనే పిండిమర ఉంది, ఆ శబ్దం వాడికి పడదని అప్పుడు వెలిగింది. అంటే రేపు వాడు నాతో ఉండాలంటే ముందు మేం ఇల్లు మారాలి. ఇన్నేళ్లూ అమ్మా నేనూ మామయ్యా కూర్చుని వాడి భవిష్యత్తు మాట్లాడుకున్నాం, వాణ్ని అడిగింది మాత్రం అప్పుడే. అధికారుల్ని తప్పుపట్టే ముందు ఈ తప్పు మాలో కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

ఇలాంటి పుస్తకం మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఆశా దీదీ, అంగన్‌వాడీ టీచరు, రిసోర్స్ టీచరు, ఇంటివాళ్లు కలిసి కూర్చుంటే ఒక మనిషికి రెండు మూడు మధ్యాహ్నాల పని. ఇంటి భాషలో ఒక ప్రతి, ఒడియాలో ఒక ప్రతి. ఒకటి ఇంట్లో, ఒకటి ఆశా దగ్గర. ఏడాదికోసారి మార్చాలి. అందులో మొదటి పేజీ మీద, ఈ రోజు రాత్రి తల్లి ఆసుపత్రిలో చేరితే ఈ మనిషి ఎక్కడ పడుకుంటాడు అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. ఆ జవాబు లేని ఇళ్లు మీ జిల్లాలో ఎన్ని ఉన్నాయో తెలిస్తే, వారం పది రోజులు ఉంచుకునే నివాసం ఎక్కడెక్కడ కావాలో మీకే తెలుస్తుంది. లెక్క అక్కడి నుంచి పైకి వెళ్లాలి. ఇప్పుడు బడ్జెట్ పైనుంచి వస్తుంది, ట్రైసైకిళ్లు వస్తాయి. మా తమ్ముడికి కాళ్లు బాగున్నాయి. ఒక శిబిరంలో వాడికి కూడా ట్రైసైకిల్ రాసివ్వబోయారు.

7. పక్కన కూర్చునే మనిషి కావాలి.

చదువుకున్నదాన్ని, బస్సెక్కి రాగలదాన్ని, నాకే ఇన్ని తిరుగుళ్లయ్యాయి. బడికెళ్లని తల్లి ఒక్కర్తే ఆఫీసుకు వస్తే ఆమెతో ఎంతసేపు మాట్లాడతారు? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తెలుగు, సవర తెలిసిన పారా లీగల్ వాలంటీర్లను నియమించాలని కోరుతున్నాం. మాకు కేసులు వేసేవారు అక్కర్లేదు. మెడికల్ బోర్డు రోజున, బ్యాంకు రోజున, గ్రీవెన్స్ రోజున పక్కన ఉండి, ఏం జరుగుతోందో తల్లికి ఆమె భాషలో చెప్పి, ఆమె చెప్పినది అధికారికి చెప్పి, జవాబు రాసుకునే మనిషి చాలు. మాలాంటి అక్కలకు, అన్నలకు నాలుగు రోజులు శిక్షణ ఇస్తే మేమే చేస్తాం. డబ్బు అడగం, దారి ఖర్చులిస్తే చాలు.

8. లెక్క.

2011 జనగణనలో ఆటిజానికి విడిగా గడి లేదు. దేశం మొత్తంలో మేధో వైకల్యం ఉన్నవారు 15 లక్షలు అని తేలింది. మా ఊళ్లో ఆ ఏడు లెక్కకు వచ్చినాయన ఇంట్లో వికలాంగులున్నారా అని అడిగితే నాన్న లేరని చెప్పారు. కాళ్లూ చేతులూ బాగున్నవాడు వికలాంగుడని నాన్న అనుకోలేదు. 2027 జనగణనకు వచ్చే సిబ్బందికి, వయసుకు తగ్గట్టు మాట, తెలివి, పనులు రానివారు ఇంట్లో ఉన్నారా అని విడమరిచి, ఇంటి భాషలో అడగమని నేర్పండి.

అయ్యా, అమ్మా, మేం ఒక తేదీ కోరుతున్నాం. ఈ లేఖ చేరిన 60 రోజుల్లోపు జిల్లా స్థాయిలో ఒక సమావేశం పెట్టండి. సామాజిక భద్రత, ఆరోగ్యం, విద్య, బ్యాంకు, న్యాయసేవల వాళ్లు ఒకే గదిలో ఉండాలి. లేకపోతే మమ్మల్ని ఒక గది నుంచి ఇంకో గదికి పంపుతారు. మా వాళ్లనీ ఆ గదిలోకి రానివ్వండి. కొందరు అరుస్తారు, కొందరు లేచి తిరుగుతారు. కాసేపు ఓర్చుకోండి, వాళ్లకోసమే కదా ఆ సమావేశం. మధ్యాహ్నం పెడితే గుణుపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఉదయం బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్లిపోగలరు. మైకు వద్దు, మా తమ్ముడు మైకు ఉన్నచోట కూర్చోలేడు.

తమ్ముడి పుస్తకంలో మొదటి పది పేజీల నకలు ఈ లేఖతో జతచేస్తున్నాను. అమ్మ ఒప్పుకుంది. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు, పదో పేజీ మీద రైలు బొమ్మ వేసినది వాడే. మీ జవాబు తెలుగులో ఇచ్చినా, ఒడియాలో ఇచ్చినా చదువుకుంటాం.

ఇట్లు,
ఒక అక్క,
నాలుగు సరిహద్దు జిల్లాల కుటుంబాల తరఫున